రేవుపట్టణమున అద్దెయిల్లు

(మన సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరినప్పుడు విషయమేమని యడిగితిని. "మీరు మొన్నటి శీతకాలపు సెలవులలో సకుటుంబముగా సూరతు వెళ్లి, అచట ఇల్లు అద్దెకు తీసికొని యుంటిరి గదా! ఆ సంగతి చెప్పుడు. మనవారు పలువురు అట్టి ఇండ్లకొరకే వెదకుచున్నారు" అనిరి. ఈ వేదికపై పండితుల ప్రసంగములు వినిన మీకు అద్దెయింటి కథ రుచించునో లేదో యని మొదట సందేహించితిని. కాని ఆలోచింపగా, కేంద్రప్రభుత్వోద్యోగులమైన మనమందరము అద్దెయిండ్లవారమే. క్వార్టరు దొరకువరకు ఒక యిల్లు, బదిలీ యైనచో మరియొక యిల్లు, పదవీవిరమణ నాటికి ఇంకొక యిల్లు. కావున ఈ విషయమున వక్తకును శ్రోతలకును సమానమైన అనుభవ మున్నదను ధైర్యముతో మీ యెదుట నిలిచితిని.

మన మిత్రులలో కొందరి పిల్లలు విదేశములందున్నారు. వారు సెలవులు వచ్చినంతనే మధ్యధరా సముద్రతీరమున స్పెయిను, ఇటలీ, క్రొయేషియా దేశములలోని ప్రాచీన పట్టణములకు పోయి, హోటళ్లలో దిగక, వారము పదిదినములు ఒక వాటాను అద్దెకు తీసికొని, సొంత వంట వండుకొని, పాతకోటలను, రేవులను చూచి వత్తురు. ఆ ఛాయాచిత్రములు మా యింటికిని వచ్చినవి. మా అబ్బాయి వానిని చూచి "నాన్నగారూ, మన మెప్పుడు పోవుదుము?" అని యడిగెను. నా జీతమును, నలుగురి విమానపు టిక్కెట్లను మనస్సులోనే కూడి తీసివేసి, "మన దేశమునను అట్టి ఊరు కలదు. అచటికి పోవుదము" అంటిని. ఆ యూరు సూరతు.

సూరతే ఎందుకని మీరడుగవచ్చును. నేను బందరువాడను. కళాశాలలో చరిత్ర చదివినవాడను. ఆంగ్లేయుల ఓడ మా మచిలీపట్టణమునకు 1611లో వచ్చినది. సూరతునకు హాకిన్సు 1608లోనే వచ్చినను, 1612లో సువాలి రేవువద్ద పోర్చుగీసువారిపై ఆంగ్లేయులు గెలిచిన పిమ్మట, 1613లో గాని జహంగీరు పాదుషా వారికి అచట స్థిరమైన వర్తకస్థానమున కనుమతి నీయలేదు. తూర్పుకోస్తాయందు బందరు, పడమటికోస్తాయందు సూరతు. రెండును బట్టల రేవులే. రెండింటను డచ్చివారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. బందరు 1864 నాటి ఉప్పెనలో సుమారు 30,000 మందిని కోల్పోయి మరల పూర్వస్థితికి రాలేదు. సూరతు మాత్రము శివాజీ దండయాత్రలను, అగ్నిప్రమాదములను, వరదలను, 1994 నాటి మహమ్మారిని దాటి, నేడు దేశమునందలి మహానగరములలో నొకటియై యున్నది. ఒకే వృత్తితో బ్రతికిన అక్కచెల్లెండ్రలో ఒకతె క్షీణించుటకును, ఇంకొకతె వర్ధిల్లుటకును కారణమేమో కన్నులార చూడవలెనని నాకు చిరకాల వాంఛ. మా తల్లిగారికి మాత్రము ఈ చరిత్రతో పని లేదు. "అచట సముద్రమున్నదా?" అని ఒక్క ప్రశ్న వేసెను. బందరు విడిచి మాతో ఢిల్లీ వచ్చిన పదియేండ్లలో ఆమె సముద్రమును చూడలేదు.

ప్రయాణపు ఖర్చునకు మనకు చింత లేదు. 1956లో ప్రారంభమైన సెలవుప్రయాణ రాయితీ యుండనే యున్నది. నాలుగేండ్ల కొకమారు దేశమున నేమూలకైనను కుటుంబముతో పోవచ్చును. మనపై నాధారపడిన తల్లిదండ్రులును కుటుంబములోనివారే. కాని ఆ రాయితీ రైలెక్కించి దింపువరకే. బస, భోజనము, ఊరిలో తిరుగు ఖర్చులు మనవే. ఎస్టేట్సు డైరెక్టరేటువారి విహారగృహములు సిమ్లా, కన్యాకుమారి మొదలగు చోట్ల నున్నవి గాని, మేము కోరిన తీరమున మాకట్టిది దొరకలేదు. ఐదుగురకు రెండు హోటలుగదులు, మూడుపూటల భోజనము, ఎనిమిదిదినములు. ఈ లెక్క కట్టగానే అద్దెయిల్లే మేలని మా యింటిలో ఏకగ్రీవముగా తీర్మానమైనది.

ఇక నా బుద్ధిమంతతనమును వినుడు. అంతర్జాలమున వెదకగా డుమ్మసు తీరమున నొక వాటా కనబడినది. సూరతునకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, తపతీనది సముద్రమును చేరు ప్రాంతమున నున్న పల్లె అది. నల్లని ఇసుకకు ప్రసిద్ధి. సూరతువారికి గాలిమార్పునకు పోవు చోటు. ప్రకటనలో వసారా, ఊయెలబల్ల, ఎదురుగా సముద్రము. ఎనిమిదిదినములకు 12,000 రూపాయలు. సగము ముందుగా పంపవలెనట. ఆ పెద్దమనిషి ఫోనులో తేనెలొలుక మాటలాడెను. నేను ఫోనుద్వారానే 6,000 పంపితిని. రసీదు అడుగలేదు. ఇంటి నంబరడుగలేదు. కార్యాలయమున ఇతరుల కాగితములలో ఒక తేదీ తప్పినను ఫైలు త్రిప్పిపంపెడి నేను, నా సొంత విషయమున ఒక్క కాగితమును చూడక సంతకము చేసినవాడనైతిని.

డిసెంబరు మాసము. ఢిల్లీ పొగమంచులో రైలు కదలుటకే ఆలస్యమైనది. ఉదయము చేరవలసిన మేము దీపములు పెట్టిన వేళకు సూరతు స్టేషనులో దిగితిమి. ఒక ఆటో మాట్లాడుకొని డుమ్మసు చేరునప్పటికి రాత్రి ఎనిమిది దాటినది. ప్రకటనలోని వసారా అచట లేదు. చెప్పిన చోట సగము కట్టి విడిచిన మేడయొకటి చీకటిలో నిలిచియున్నది. కావలివాడు మా ఫోనులోని బొమ్మను చూచి, ఈ యిల్లు ఈ యూరిలో లేదనెను. ఇంటివాడని నేను నమ్మిన పెద్దమనిషి ఫోను పలుకుట మానివేసెను. మా అమ్మాయి ఏడ్పు మొదలిడినది. నా భార్య ఏమియు ననలేదు. ఆ మౌనమునకంటె రెండు మాటలనినను బాగుండునని తోచినది. దూరమున కెరటముల చప్పుడు వినబడుచున్నది. మా అమ్మ మాత్రము "సముద్రము పిలుచుచున్నదిరా" అనెను.

మా మాటలు విని ఆటో నడుపు పిల్లవాడు వెనుకకు తిరిగి, "మీరు తెలుగోళ్లా సార్?" అనెను. నేను తెల్లబోతిని. అతడే మరల, "గీ రాత్రి లాడ్జీలు దొరకవు సార్. బట్టల యాపారులతోని, సెలవులకొచ్చినోళ్లతోని నిండి ఉంటయ్. అవ్వను పట్టుకొని యాడ తిరుగుతరు? మా ఇల్లు చిన్నదే, గని కప్పున్నది. రాండ్రి" అనెను. నేను మర్యాదకు వద్దంటిని. మా అమ్మ వెంటనే "పద నాయనా" అనెను. ఇంటి పెద్ద తీర్పునకు అప్పీలు లేదు గదా!

సోదరులారా! సూరతునందు తెలుగువారున్నారని నాకు పుస్తకములవలన తెలియును. తెలంగాణపు పూర్వపు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి చేనేత క్షీణించిన కాలమున పద్మశాలి కుటుంబములు మరమగ్గముల పనికై అచటికి పోయి, లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవి. సూరతు నగరపాలకసంస్థవారు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒరియా, ఇంగ్లీషు మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమునను ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నారు. పుస్తకమున చదివిన యీ వాక్యమునకు ఆ రాత్రి నాకు అర్థము తెలిసినది. ఆ యిల్లు లింబాయత్ నందలి యొక యిరుకుసందులో మేడమీది గది. ముందు చిన్న వంటచోటు. ఆ గదిలో పిల్లవాడు, వాని తల్లిదండ్రులు, చెల్లెలు, నాయనమ్మ. వారు అయిదుగురు, మేము అయిదుగురము. తండ్రి సిరిసిల్ల ప్రాంతమువాడు. ముప్పదియైదేండ్ల క్రిందట వచ్చెనట. దినమునకు 12 గంటలు మగ్గములవద్ద నిలువబడును. మగ్గముల మ్రోతకు చెవులు కొంత మందగించుటచే బిగ్గరగా మాటలాడును. ఆ యింటి ఇల్లాలు అంత రాత్రివేళ జొన్నరొట్టెలు కాల్చి, పచ్చిపులుసు కలిపి పెట్టెను. మగవారము డాబాపై పరుండితిమి. ఇద్దరు వృద్ధురాండ్రు మాత్రము నిద్రపోలేదు. ఒకరిది బందరు భాష, ఒకరిది సిరిసిల్ల మాట. తెల్లవారుజామువరకు మాటలు వినబడుచునే యున్నవి.

ఉదయమున బయలుదేరునప్పుడు ఆ తండ్రి చేతిలో కొంత రొక్కము పెట్టబోతిని. ఆయన చేయి వెనుకకు తీసికొని, "మేమే కిరాయికున్నం సార్. మీ దగ్గర కిరాయి ఎట్ల తీసుకుంటం?" అనెను. ఆ మాటకు ప్రత్యుత్తర మిచ్చుటకు నా యార్జితమైన చదువు చాలలేదు.

ఆ పిల్లవాడే మమ్ము తపతి కావలియొడ్డున నున్న రాందేరునకు కొనిపోయి, తనకు తెలిసిన యొక యింటి వాటాను చూపించెను. రాందేరు నేడు సూరతులో కలిసిపోయిన పేటయే గాని, ఒకప్పుడు సూరతునకంటె పెద్ద రేవు. 1530లో పోర్చుగీసువారు రెండూళ్లను తగులబెట్టిరి. ఆ పిమ్మటనే నది కీవలియొడ్డున ఖుదావందు ఖాను సూరతుకోటను కట్టించెను. ఇంటి యజమాని పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయుడు. మేము తెలుగువారమని వినగానే ఆయన కన్నులు మెరసినవి. "అనగా మీరు కోరంగీలు!" అనెను. మాకు మొదట బోధపడలేదు. రాందేరు వర్తకులు పూర్వము రంగూనునకు పోయి వ్యాపారము చేసినవారు. ఆయన తాతగారును అట్టివారే. మన ఉత్తరాంధ్ర గోదావరీ మండలములనుండి కోరంగిరేవున ఓడయెక్కి రంగమునకు పోయిన తెలుగు కూలీలను బర్మాలో కోరంగీలనెడివారు. రంగూను రేవున మూటలు మోసిన ఆ జనమును గూర్చి తాత చెప్పగా ఆయన బాల్యమున వినెనట. 1942లో యుద్ధము రాగా ఆ వర్తకులును, మన కోరంగీలును ఒకే దారిన తిరిగివచ్చిరి. గుజరాతు తీరమున నొక మేడమెట్లపై మన కోరంగి పేరు వినుట నాకొక వింతయైన ఆనందము.

ఈమారు నేను జాగ్రత్తపడితిని. నాకంటె ఆయనయే జాగ్రత్తపడెను. మా గుర్తింపుకార్డుల నకళ్లు తీసికొని, క్రొత్తవారికి ఇల్లిచ్చినచో పోలీసు ఠాణాలో తెలుపవలెనని చెప్పెను. ఒక తెల్లకాగితముపై దినములు, అద్దె, డిపాజిట్టు, ఇంటిలోని సామాను, గ్యాసుబండ బరువు కూడ వ్రాసి ఇద్దరము సంతకములు చేసితిమి. నీరు ఏ వేళకు వచ్చునో, చెత్తబండి ఎప్పుడు వచ్చునో చెప్పెను. గోడపై నాకు భుజమెత్తున నొక గీత చూపెను. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్టనుండి విడిచిన నీటితో తపతి ఊరిపై బడినప్పుడు, క్రింది వాటాలో నీరు అంతవరకు వచ్చినదట. సున్నము వేయించినపుడెల్ల ఆ గీతను మాత్రము విడిచిపెట్టించును. మా అమ్మ ఆ గీతను వ్రేళ్లతో తడవి చూచెను. 1977 నాటి దివిసీమ ఉప్పెన ఆమె యెరిగినదే.

రెండవనాడు వంటయింటి కుళాయి కారజొచ్చినది. 350 రూపాయలిచ్చి నేనే బాగుచేయించితిని. యజమాని ఆ సొమ్మును అద్దెలో తగ్గించుకొందు ననెను. అప్పుడు నాకొక చరిత్రాంశము జ్ఞాపకమువచ్చి ఆయనకు చెప్పితిని. 1689లో సూరతునకు వచ్చిన ఓవింగ్టనను ఆంగ్ల మతాచార్యుడు తన యాత్రాగ్రంథమున, ఆంగ్లేయుల వర్తకశాల మొగలు పాదుషావారి భవనమనియు, దాని అద్దె సాలుకు 60 పౌన్లనియు, ఆ సొమ్ము ఖజానాకు చేరుట అరుదనియు, మరమ్మతులకును క్రొత్త నిర్మాణములకును దానిని ఖర్చుచేసికొనుటకు పాదుషా అనుమతించెననియు వ్రాసెను. ఇది విని యజమాని పెద్దగా నవ్వి, "అయినచో నేను కుళాయి విషయమున జాగ్రత్తగా నుండవలెను. ఆ అద్దెదారులు 1759లో కోటను, 1800లో ఊరినే తీసికొనిరి గదా!" అనెను.

ఆయన నవ్వుచు చెప్పినను, నాకు ఆ మాట మరునాటివరకు చెవిలో మ్రోగుచునే యుండెను. ఆంగ్లేయుల శ్మశానమునకు పోయి చూచితిమి. 1669లో చనిపోయిన జార్జి ఆక్సెండెనుకును, అతని సోదరునకును కట్టిన సమాధి రెండంతస్తుల గుమ్మటముతో నొక నవాబు మహలువలె నున్నది. 1664లో శివాజీ దాడిచేసినప్పుడు వర్తకశాలను కాపాడుకొన్నవాడితడే. డచ్చివారి శ్మశానమున 1691లో మృతినొందిన వాన్ రీడు సమాధి కలదు. కేరళదేశపు ఓషధులను గూర్చి పండ్రెండు సంపుటముల గ్రంథమును వెలయించిన ఘనుడు. ఇద్దరును పరదేశులే. ఇద్దరును ఈ దేశమున కొంతకాల ముండిపోయినవారే. ఒకని జాతి కోటను సంపాదించినది. ఒకడు మొక్కల పేర్లను భద్రపరచి పోయెను. అద్దెకు వచ్చినవాడు పోవునప్పుడు ఏమి తీసికొనిపోయెను, ఏమి విడిచిపోయెనను లెక్క ఊరిచేతిలో నుండును.

అదే యూరిలో అద్దెకథకు వేరొక ముగింపును కలదు. షాజహాను కాలమున 1644లో యాత్రికుల కొరకు మొగల్‌సరాయి యను గొప్ప సత్రమును కట్టిరి. మక్కాకు పోవు యాత్రికులు ఓడల కొరకు వేచియుండు ఊరది. ఆ సత్రమున 1867 నుండి నగరపాలకసంస్థ కార్యాలయ మున్నది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయమున లక్షలమంది ఊరు విడిచి పారిపోయినప్పుడు, సూరతు మురికికూపమని దేశమంతయు ముక్కు మూసికొన్నది. మరుసటి సంవత్సరము కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారు, అనగా సూర్యదేవర రామచంద్రరావుగారు, ఇంటిపేరు వినగానే మనకు తెలియును గదా, అధికారులందరిని ఉదయము వీధులలోనికి దించి, చెత్త ఎత్తించి, ఆక్రమణలను తొలగించి రెండేండ్లలో ఊరి రూపు మార్చిరి. 2023 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణమున సూరతు ఇందోరుతోపాటు ప్రథమస్థానమున నిలిచినది. పరదేశులకు ఒకరాత్రి తలదాచుకొను చోటుగా కట్టిన భవనమునందు కూర్చుండి, పైయూరినుండి వచ్చిన యొక యుద్యోగి ఆ యూరిని బాగుచేసెను. ఆయనయు బదిలీపై వచ్చి బదిలీపై పోయినవారే. మన వృత్తివారు గర్వింపదగిన సంగతి ఇది.

భోజనమును మరచినచో సూరతువారు నన్ను క్షమింపరు. సూరతున తినవలెను, కాశిని చావవలెనని వారి సామెత. శీతకాలమున లేతజొన్న కంకులను నిప్పులపై కాల్చి కొట్టిన గింజలను పోంకు అందురు. ఏమో యనుకొని తిని చూచితిమి. మన ఊచబియ్యమే! మా యింటి పొయ్యిమీద ప్రతిదినము మన చారు, వారి వంకాయ, రతాళుగడ్డ, పాపడీ చిక్కుళ్లు కలిసి ఉడికినవి. హోటలులో నున్నచో సూరతు కూరగాయల అంగడిలో బేరమాడెడి భాగ్యము నా భార్యకు లభించెడిది కాదు.

ఆదివారమున మగ్గములకు సెలవు. ఆ లింబాయత్ కుటుంబమును డుమ్మసునకు రమ్మని పిలిచితిమి. రెండు ఆటోలలో పోయితిమి. ఇసుకపై దిగిన పిదప ఆ నాయనమ్మ కదలదు. ఎదుట పోటుమీద నున్న సముద్రమును చూచుచు నిలువబడిపోయెను. "గిదేనా సముద్రం? ఇంత దగ్గర ఉండి ఇన్నేండ్లు చూడకపోతినా!" అనెను. కొడుకు తల వంచుకొనెను. అతని దోషమేమున్నది? వారమున కొక్క సెలవు. ఆ దినమున నిద్ర, బియ్యము, మందులు. ఆటో నడుపు మనుమడు దినమునకు ఎందరనో డుమ్మసు చేర్చుచుండును గాని, ఇంటివారిని ఒక్కనాడును తీసికొనిపోలేదు. కిరాయి పోవునని. మా అమ్మ ఆమె చేయి పట్టుకొని నీటిలోనికి నడిపించెను. ఇరువురును చీరె కుచ్చిళ్లు ఎత్తిపట్టి చీలమండలవరకు దిగి, చిన్నపిల్లలవలె కెరటము వచ్చినపుడెల్ల వెనుకకు గెంతుచుండిరి. మా పిల్లలు ఛాయాచిత్రము తీసిరి. విదేశములనుండి మాకు వచ్చిన ఏ చిత్రమునకును అది తీసిపోదు.

పోయిన 6,000 రూపాయల సంగతి మీరడుగుదురు. మోసము జరిగినంతనే 1930 అను జాతీయ సంఖ్యకు ఫోను చేయవలెననియు, ఎంత త్వరగా చేసిన అంత మంచిదనియు నాకు ఆ రాత్రి తోచలేదు. మరునాడు చేసితిని. ఇంతవరకు సొమ్ము రాలేదు. కావున నా అనుభవమునుండి మీకు నాలుగు మాటలు మనవి చేయుదును. ఇంటిని గాని, ఇంటిని స్వయముగా చూచిన నమ్మకస్థుని గాని చూడనిదే బయానా పంపకుడు. ఇంటిలోనుండి ఫోనులో ప్రత్యక్షముగా చూపుమని కోరుడు. నిజమైన యజమాని అందులకు విసుగుకొనడు. సముద్రమెదురుగా నున్నదనిన ఎన్ని అడుగులని అడుగుడు. మెట్లెన్ని, లిఫ్టు కలదా, నీరెప్పుడు, ఆ మేడవారి సంఘము అతిథుల నంగీకరించునా, వంటకు నిబంధన లేవైన కలవా యని ముందే తెలిసికొనుడు. డిపాజిట్టు ఎప్పుడు తిరిగి యిచ్చునో కాగితముపై నుండవలెను. మంచితనమును కాగితము చెరుపదు. రాందేరు యజమాని అన్నియు వ్రాయించుకొన్నవాడే. పోవునాడు మా అమ్మకు రంగూనునాటి యొక లక్క భరిణె నిచ్చినవాడును ఆయనయే.

ఇంకొక మాట. మధ్యధరా తీరమున నేడు వేరొక చిక్కు వచ్చినది. విహారమునకు వచ్చువారికి దినముల లెక్కన ఇచ్చినచో లాభమెక్కువ గనుక, యజమానులు ఊరివారికి ఇండ్లిచ్చుట తగ్గించిరి. ఊరివారి అద్దెలు పెరిగినవి. బార్సిలోనా నగరపాలకులు తమ నగరమునందలి సుమారు 10,000 విహారపు వాటాల అనుమతులను 2028 నవంబరు తరువాత పొడిగింపబోమని 2024లో ప్రకటించిరి. సూరతున నట్టి స్థితి నాకు కనబడలేదు. కాని ఎనిమిదిదినముల వేడుకకు నేను సంతోషముగా ఇచ్చిన అద్దె, ఆ నేతకాని గదికి ఎన్ని నెలల అద్దెయో లెక్కించుకొన్నప్పుడు నాకు సిగ్గు కలిగినది. విహారమునకు వచ్చినవాడు సముద్రము కొరకు అద్దె యిచ్చును. బ్రతుకుటకు వచ్చినవాడు పనికి దగ్గరగా నుండుటకు అద్దె యిచ్చును. ఇద్దరును ఒకే యూరిలో నుందురు గాని ఒకరి యూరు ఒకరికి కనబడదు. నాకు కనబడినదనిన అది నా గొప్పతనము గాదు. మోసపోవుటచే కనబడినది.

తుదిగా మన సంఘమునకు రెండు ప్రార్థనలు. సభ్యులు ఏ యూరు పోయినను, తాము స్వయముగా ఉండి చూచిన మంచి బసల వివరములను యజమానుల అనుమతితో ఒక పుస్తకమున వ్రాసి కార్యదర్శిగారివద్ద నుంచవలెను. నావంటి యవివేకి ఇంకొకడు చీకటిలో నిలువబడకుండును. రెండవది, ఆ ఆటో పిల్లవాని చెల్లెలు తెలుగు పాఠశాలలో చదువుచున్నది. ఇంటిలో పాఠ్యపుస్తకములు తప్ప వేరు తెలుగు పుస్తకము లేదు. నేను వచ్చినవెంటనే మా పిల్లల పాత కథల పుస్తకములు పదునాలుగు పంపితిని. ఆమె తిరిగి యుత్తరము వ్రాసినది. అక్షరములు ముత్యములు. అన్నియు చదివితి ననియు, ఇంకను కావలె ననియు ఆ యుత్తరపు సారాంశము. మన యిండ్లలో పిల్లలు చదివి విడిచిన తెలుగు పుస్తకములెన్నియో అటకలపై నున్నవి. ఈ సభ ముగియులోపల నావద్ద పేరు వ్రాయించినవారి ఇంటికి నేనే వచ్చి తీసికొని పోవుదును. ఆ రాత్రి అద్దె నేనింకను చెల్లింపవలసియున్నది. వారు రొక్కముగా తీసికొనలేదు. ఈ రూపమున తీసికొందురని నా నమ్మకము.